మురికి కాదు

పాపకి అప్పుడు 20 రోజులు. చూడ్డానికి వచ్చిన పిన్ని ఎత్తుకోగానే, "ఇదేంటే, తలంతా ఇంత మురికి పట్టింది? స్నానం చేయించట్లేదా?" అంది. గది నిండా జనం. అందరూ పాప తల చూసి, తర్వాత నన్ను చూశారు.

అది మురికి కాదు. నెత్తి మీద పసుపుపచ్చగా, జిడ్డుగా పొలుసులు కడతాయి. క్రేడిల్ క్యాప్ అంటారు. చాలామంది పసిపిల్లలకి వస్తుంది, వాళ్లనేం బాధపెట్టదు, కొన్ని నెలల్లో దానంతట అదే పోతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం తలుపేసుకుని, లైటు కింద కూర్చుని, గోరుతో ఒక్కో పొలుసూ లేపాను. నిజం చెప్పొద్దూ, లేస్తుంటే తృప్తిగానే ఉంది. ఒకచోట చర్మం ఎర్రగా, తడిగా బయటపడితే పౌడర్ అద్దేశాను.

మూడో రోజుకి అక్కడ చీము పొక్కులు. ఆ మర్నాటి రాత్రి పాలు తాగలేదు. ఏడ్చి మారాం చేస్తే అదో రకం, ఇది ఏడవనూ లేదు. నోటికి రొమ్ము అందించినా పెదవులు కదపలేదు. థర్మామీటర్ 101 చూపించింది. ఎప్పుడూ చూపించే డాక్టరుకి ఫోన్ చేస్తే, "జ్వరం చుక్కలు వేసి పొద్దున తీసుకురండి" అన్నాడు. ఆయనకి ఆ మాట గుర్తుండి ఉండదు. నాకు ఆ ఆవులింతతో సహా గుర్తుంది. మా ఆయన ఆ మాట పట్టించుకోకుండా బండి తీశాడు. నెల నిండని బిడ్డకి జ్వరం 100.4 తాకిందంటే చుక్కలు వేసి చూడ్డాలు ఉండవు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ పాప మాడు మీద రెండు వేళ్లు ఆనించి ఉంచింది.

"ఏం చూస్తున్నారు మేడమ్?"

"ఉబ్బిందేమోనని."

ఉబ్బితే ఏమవుతుందని అడగలేదు. వెన్నులోంచి నీరు తీయాలని మమ్మల్ని బయటికి పంపారు. తలుపు అవతల పాప గట్టిగా ఏడ్చింది, హమ్మయ్య అనుకున్నాను. అంతలో ఏడుపు ఆగిపోయింది. గోడ మీద చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలు అంటించి ఉన్నాయి. మా ఆయన వాటి కింది అక్షరాలు పైకి చదవడం మొదలుపెట్టాడు. చివరిదాకా చదివి, మళ్లీ మొదటి నుంచి. ఆ రాత్రి దేవుడికిచ్చిన మాటల్లో ఇంకా రెండు బాకీ ఉన్నాను.

రక్తంలో, వెన్ను నీటిలో ఏమీ లేదన్నారు. చీములో మాత్రం స్టాఫ్ (స్టెఫైలోకాకస్) అనే బ్యాక్టీరియా. చాలామంది ఒంటి మీద ఊరికే ఉండేదే, తెగిన చర్మం దొరికితే లోపలికి దిగుతుందట. "ఎవరు గోకారు?" అని అడిగితే "మా పిన్ని" అనబోయి ఆగాను.

ఏడు రోజులు సూదిమందులు. మొదటిరోజు ఒకతను చేతి టేపు సర్రున లాగితే, దాంతోపాటు సన్నటి చర్మప్పొర లేచింది. తర్వాత రాత్రి డ్యూటీ సిస్టర్ వచ్చింది. తడిదూది టేపు అంచున అద్ది, నానేదాకా ఆగి, చర్మాన్ని వేలితో నొక్కిపట్టి, మళ్లీ ఇంకాస్త తడిపి. ఒక్క టేపుకి పావుగంట. పాప నిద్ర లేవలేదు. "మన చర్మంలా కాదమ్మా, ఇంకా గట్టిపడలేదు" అంది. నేను నేర్చుకున్నదేదో ఆ పావుగంటలోనే. పాప పుట్టిన రోజునే ఒంటి మీది తెల్లటి పూత తుడిపించి స్నానం చేయించమని పట్టుబట్టింది కూడా నేనే. మొదటి స్నానం కనీసం 24 గంటలు ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుందని అప్పటికి తెలీదు.

ఇప్పుడు వారానికి రెండు మూడు స్నానాలే, అదీ పది నిమిషాల్లోపు. నీళ్లలో మోచెయ్యి పెట్టి చూశాకే పాపని దించుతాను. సబ్బు వాసన లేనిది, అదీ కొంచెమే. పౌడర్ డబ్బా పారేశాను, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొలుసులకి కాస్త బేబీ ఆయిల్ రాసి, నానాక మెత్తటి బ్రష్‌తో దువ్వి, నూనె మిగలకుండా కడిగేదాన్ని. ఊడనివి ఊడనట్టే వదిలేశాను. నా గోళ్లు మాత్రం ఇప్పటికీ మొదలంటా కత్తిరించే ఉంటాయి.

మొన్న పిన్ని మళ్లీ వచ్చింది. పాపకి ఐదో నెల. పడుకుని పడుకుని తల వెనక జుట్టు రాలి నున్నగా అయింది. "ఇదేంటే, ఇక్కడ బోడిగా..." అంటూ చెయ్యి చాపింది. ఆ చెయ్యి తల దాకా రాకముందే పాపని ఇటు తిప్పేసుకున్నాను.