సీజీఎల్ వచ్చింది గురూ, ఇంగ్లీష్‌లో ఆ ఐఎన్‌జీ గోల ఎలా దాటానో చెప్తా

ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగాలకి పెట్టే సీజీఎల్ పరీక్ష ఫైనల్ లిస్టులో పేరు వచ్చింది. ట్యాక్స్ అసిస్టెంట్. మా అమ్మ అప్పుడే సింహాచలం ఎల్లి మొక్కు తీర్చుకుని వచ్చేసింది కూడా, నేనేమో ఇంకా పీడీఎఫ్‌లో నా రోల్ నంబర్ జూమ్ చేసి చూసుకుంటూనే ఉన్నా. మ్యాథ్స్‌కి ఏటి చదివావ్, జీఎస్‌కి ఏటి చదివావ్ అని అందరూ మెసేజ్‌లు పెడుతున్నారు గానీ అందులో కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు, మీరు చదివేవే నేనూ చదివాను, ప్రీవియస్ పేపర్లు, మాక్‌లు, రివిజన్, అంతే. నాకు తేడా కొట్టింది ఇంగ్లీష్‌లో. ఇంగ్లీష్ మొత్తం కూడా కాదు, వెర్బ్ చివర తగిలించే ఐఎన్‌జీ (-ing) దగ్గర.

నవ్వకండి. టైర్-2లో, అంటే రెండో దశ పరీక్షలో, మెరిట్‌కి లెక్కేసే 390 మార్కుల్లో 135 ఇంగ్లీష్‌వే, 45 ప్రశ్నలు, ఒక్కోటి 3, తప్పు పెడితే 1 పోతుంది. రైటే కదా అని ధీమాగా పెట్టింది తప్పైతే అక్కడికక్కడ 4 మార్కుల తేడా. ముందు అటెంప్ట్‌లో నేను పోస్ట్ మిస్సయింది అలాంటి నాలుగైదు ప్రశ్నల దూరంలోనే. ఆన్సర్ కీ వచ్చాక మన వైజాగ్ ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని తప్పులన్నీ ఒక కాగితం మీద దించితే వొకాబ్యులరీ తప్పులు తక్కువే, ఎర్రర్ స్పాటింగ్‌లో, సెంటెన్స్ ఇంప్రూవ్‌మెంట్‌లో పోయినవన్నీ ఇక్కడ టు రావాలా ఐఎన్‌జీ రావాలా అన్న దగ్గరే పోయాయి.

అంటే నాకు గ్రామర్ రాదని కాదు. ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్ తర్వాత ఐఎన్‌జీ, వాంట్, హోప్, డిసైడ్ తర్వాత టు, ఈ లిస్టు నిద్రలో లేపి అడిగినా చెప్తాను, మీరూ చెప్తారు. నేను చేరిన కోచింగ్‌లో వెర్బ్‌ల లిస్టు మూడు క్లాసులు సాగదీసి, అడ్జెక్టివ్‌లు, నౌన్‌ల తర్వాత ఏం వస్తుందో చివర్లో పది నిమిషాల్లో లాగించేశారు. పేపర్ సెట్ చేసేవాడు మాత్రం సరిగ్గా అక్కడే కాపు కాసుకుని ఉంటాడు. అందుకే ఈసారి నోట్‌బుక్ తిరగేసి రాశాను. ఐఎన్‌జీ ఎప్పుడు వస్తుంది అని రూల్ రాయడం మానేసి, దాని ముందున్న మాట ఏదో అది పేజీ పైన రాసి, దానికి ఏం పడుతుందో కింద ఒక సొంత వాక్యం, అంతే.

మొదట డిఫికల్ట్ అనే పేజీ రాస్తుంటేనే బుర్ర తిరిగింది. ఇట్ ఈజ్ డిఫికల్ట్ టు ఫైండ్ ఎ రూమ్ ఇన్ ఎంవీపీ కాలనీ, ఇది కరెక్టు. అదే మాట నౌన్ అయిపోతే ఐ హ్యాడ్ డిఫికల్టీ ఫైండింగ్ ఎ రూమ్ అనాలి, మధ్యలో ఇన్ పెట్టినా ఓకే తీసేసినా ఓకే, టు ఫైండ్ అంటే మాత్రం ఎర్రర్. హోప్ కూడా అంతే, వెర్బ్‌గా ఉంటే హోప్ టు విన్, నౌన్ అయితే హోప్ ఆఫ్ విన్నింగ్. సర్లే నౌన్ అయితే ఐఎన్‌జీ అన్నమాట అని సూత్రం కట్టేద్దామనుకున్నారా, డిసిషన్, ఎబిలిటీ, పర్మిషన్ మూడూ టు తోనే వస్తాయి. ఏబుల్ టు, ఎబిలిటీ టు అని హాయిగా పోతుంటే పక్కనే అదే అర్థంతో కేపబుల్ ఆఫ్ డూయింగ్. ఏ మాటకి ఏ తోడు అన్నది ఆ మాట జాతకం, జతతో సహా గుర్తుపెట్టుకోవాల్సిందే.

కొన్ని మాత్రం టు, ఐఎన్‌జీ రెండూ తీసుకుంటాయి, అర్థం మారిపోతుంది. ఇది నాకు పుస్తకంలో ఎక్కలేదు, ఆర్కే బీచ్‌లో ఎక్కింది. సాయంత్రం మురీ మిక్చర్ తింటూ కూర్చున్నాం, మా ఫ్రెండ్‌ని నీళ్లలోకి దిగరా అంటే దిగడు. అయామ్ అఫ్రైడ్ టు గో ఇన్ అన్నాడు, ఏటిరా భయం అంటే అఫ్రైడ్ ఆఫ్ డ్రౌనింగ్ అన్నాడు. వాడు ఆటకి అన్నాడు గానీ నాకు లైట్ వెలిగింది. భయం వల్ల మనం చెయ్యకుండా ఆగిపోయే పని అయితే టు. మన చేతుల్లో లేకుండా జరిగిపోతుందేమో అని భయపడేది అయితే ఆఫ్, ఐఎన్‌జీ. అఫ్రైడ్ టు డ్రౌన్ అని ఎవడూ అనడు కదా, మునగడం ఎవడైనా కావాలని చేసే పనా? ష్యూర్ ఇంకా మజా. హి ఈజ్ ష్యూర్ ఆఫ్ విన్నింగ్ అంటే గెలుస్తానని వాడికి నమ్మకం. హి ఈజ్ ష్యూర్ టు విన్ అంటే వాడు గెలుస్తాడని చెప్పేవాడికి నమ్మకం, వాడికి ఉండొచ్చు లేకపోవచ్చు. నా విషయంలో రెండోది మా అమ్మకి ఉండేది, మొదటిది నాకు లేదు.

ఇంకోటి ఫిషింగ్ హార్బర్. మన ఊళ్లో రోజూ అనే మాటే. ఫిషింగ్ బోట్ అంటే చేపల వేటకి వాడే బోటు, బోటు తనే వెళ్లి చేపలు పట్టదు. సింకింగ్ బోట్ అంటే మునిగిపోతున్న బోటు, అక్కడ పని చేస్తున్నది బోటే. మొదటి రకంలో ఐఎన్‌జీ మాట మీద ఒత్తి పలుకుతారు, రెండో రకంలో బోటు మీద కూడా ఒత్తు పడుతుంది. డ్రింకింగ్ వాటర్, వెయిటింగ్ హాల్ మొదటి బాపతు, బాయిలింగ్ వాటర్ రెండోది. మనం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర రన్నింగ్ బస్సు ఎక్కకురా అంటాం చూడు, పేపర్లో వస్తే మూవింగ్ బస్ అని మార్చాలి.

టు తర్వాత ఐఎన్‌జీ రావడం చూస్తే చాలామందికి చెయ్యి ఆడదు. ఐ యూజ్డ్ టు లివ్ ఇన్ గాజువాక అంటే ఒకప్పుడు ఉండేవాణ్ణి. అయామ్ యూజ్డ్ టు లివింగ్ ఇన్ దిస్ హ్యుమిడిటీ అంటే అలవాటైపోయింది. చిట్కా ఏంటంటే టు తర్వాత ఒక నౌన్ పెట్టి చూడు, యూజ్డ్ టు ద హీట్, లుకింగ్ ఫార్వర్డ్ టు ద రిజల్ట్, నౌన్ అతికిందంటే ఐఎన్‌జీ కూడా అతుకుతుంది. ఎగ్జామ్‌లో దీనికి ఐదు సెకన్లు చాలు.

ఇదంతా ఎప్పుడు చదివావ్ అంటారు. మా చుట్టాలైతే వీడు ఎప్పుడు చూసినా సెల్లు పట్టుకుని క్రికెట్టే అన్నారు, హైదరాబాద్ పంపి ఉంటే ఎప్పుడో కొట్టేవాడు అని కూడా అన్నారు. నేను చూసింది క్రికెట్టే, కాదనను, కానీ ఇంగ్లీష్ కామెంటరీ పెట్టుకుని చూశాను, హ్యావింగ్ ట్రబుల్ రీడింగ్ ద స్పిన్నర్ లాంటి వాక్యం చెవిన పడితే ఆపి నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. హైదరాబాద్‌లో హాస్టల్ ఫీజు కట్టి రీల్స్ చూసేవాళ్లు నాకు తెలుసు. ఊరు మారితే ఉద్యోగం రాదు గురూ, పొద్దున్నే బేగి లేచి కూర్చోవాలి, మూడ్ లేదు, కరెంట్ లేదు, చెమట పట్టేస్తోంది అంటే ఎస్సెస్సీ వాడు వింటాడా? సర్లే, ఇది మీ ఇంట్లో రోజూ చెప్పేదే.

మిగతా సంగతులు గబగబా చెప్పేస్తా. టైర్-2 సెక్షన్ 2లో గంటలో 45 ఇంగ్లీష్, 25 జీఏ (జనరల్ అవేర్‌నెస్) ప్రశ్నలు చెయ్యాలి కాబట్టి ముందు జీఏ లాగించేశాను, తెలిస్తే తెలుసు లేకపోతే లేదు, అక్కడ ఆలోచించేది ఏమీ ఉండదు. మిగిలిన టైమ్ ప్యాసేజ్‌లకి పెట్టాను. కంప్యూటర్ సెక్షన్ క్వాలిఫైయింగే (పాసైతే చాలు, మెరిట్‌కి లెక్కెయ్యరు) అయినా వదలకండి. టైపింగ్ ప్రాక్టీస్ ఇప్పటినుంచే మొదలెట్టండి.

నోట్‌బుక్ ఫొటోలు పెట్టమంటున్నారు, నా రాత నాకే కష్టం, పైగా సొంత వాక్యాలు మీవే ఉండాలి. మొదలుపెట్టడానికి నాలుగు మాటలు ఇస్తున్నా. బిజీ, బిజీ ప్రిపేరింగ్, టు ప్రిపేర్ కాదు. వర్త్, కురుసుర సబ్‌మెరైన్ ఈజ్ వర్త్ సీయింగ్, టు సీ కాదు, బీయింగ్ సీన్ అసలే కాదు. నో యూజ్, ఇట్స్ నో యూజ్ ఆర్గ్యుయింగ్. స్పెండ్ తర్వాత టైమ్ గానీ డబ్బు గానీ వస్తే, స్పెంట్ టూ అవర్స్ వెయిటింగ్. వీటి కింద మీ వాక్యాలు రాసి పెట్టండి, డౌట్ ఉన్నవి పంపితే చూస్తాను, జాయినింగ్ ఆర్డర్ వచ్చేదాకా ఖాళీయే.