గ్రీన్ క్యాంపస్ మొదలవ్వాల్సింది హాలు బుకింగ్ ఫారం దగ్గర

మా యూనివర్సిటీ కాన్ఫరెన్స్ సెంటర్ మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టినప్పుడు చాలా సంతోషించాను. ఇప్పటికీ వాటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ అక్కడ సదస్సులు జరిపే కమిటీల్లో కొన్నేళ్ళుగా పనిచేశాక నాకు గట్టిగా అర్థమైంది ఒకటే: ఆ హాల్లో పోగయ్యే చెత్త, పారబోసే అన్నం, కాలే కరెంటు, వీటిలో చాలా భాగం హాలు బుక్ చేసిన రోజే ఖాయమైపోతుంది. సదస్సు రోజు పొద్దున గోడ మీద ‘ప్లాస్టిక్ వాడకండి’ అని పోస్టరు అంటిస్తే ఏం లాభం? అప్పటికే నీళ్ళ సీసాలకు ఆర్డర్ వెళ్ళిపోయి ఉంటుంది, ఫ్లెక్స్ ప్రింటయి ఉంటుంది, క్యాటరింగ్ ఆయనకు ఎన్ని ప్లేట్లో చెప్పేసి ఉంటారు.

నీళ్ళ సీసాలే తీసుకోండి. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద 2022 జూలై 1 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చిన నిషేధంలో ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మకోల్ ఉన్నాయి, 100 మైక్రాన్ల లోపు మందం ఉన్న పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) బ్యానర్లు కూడా ఉన్నాయి. నీళ్ళ సీసా లేదు. అందుకే ప్లేట్లు మారినా సీసా అలాగే ఉండిపోయింది. కుర్చీ కుర్చీకీ పావు లీటరు సీసా పెడతారు, రెండు గుక్కలు తాగి కింద పెడతారు, టీ తాగి వచ్చేసరికి ఏది ఎవరిదో తెలియదు, ఇంకోటి తీసుకుంటారు. సాయంత్రం హాలు శుభ్రం చేసే అక్కలు ఒక్కో సీసా మూత తిప్పి, మిగిలిన నీళ్ళు బకెట్లోకి వంపి, ఖాళీ సీసాని గోనెసంచిలో వేస్తారు. నీళ్ళున్న సీసాని పాత సామాన్లవాళ్ళు తీసుకోరు కాబట్టి ఆ పని తప్పదు. వరసలన్నీ అయ్యేసరికి బకెట్ మీద బకెట్ నిండుతుంది, అదంతా డబ్బు పెట్టి కొన్న మంచినీళ్ళే. వేసవిలో మా హాస్టళ్ళకి ట్యాంకర్లు వస్తాయి. ఆ బకెట్లు మోరీలో పోస్తుంటే చూడటం నాకు నిజంగా కష్టంగా ఉంటుంది.

అయితే సీసాలు తీసేస్తే చాలనుకోవడానికి లేదు. అమెరికాలో వెర్మాంట్ యూనివర్సిటీ 2013 జనవరి నుంచి క్యాంపస్‌లో నీళ్ళ సీసాల అమ్మకం ఆపేసింది. ఎవరి సీసా వాళ్ళు నింపుకునే ఏర్పాట్లు కూడా చేసింది. ఆ తర్వాత లెక్కలు తీసిన పరిశోధకులు 2015లో ప్రచురించినదాని ప్రకారం, క్యాంపస్‌కి వచ్చే సీసాల సంఖ్య తగ్గలేదు సరికదా పెరిగింది, పైగా జనం తీపి పానీయాలు ఎక్కువ తాగారు. నీళ్ళ సీసా పోయినా పక్కన కూల్‌డ్రింక్ సీసా ఉంది కదా, చెయ్యి దాని మీదకి వెళ్ళింది. సదస్సు జరిపేవాళ్ళకి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది, మనది దుకాణం కాదు, బల్ల మీద ఏం పెట్టాలో మనమే నిర్ణయిస్తాం. అందుకని మేము నీళ్ళ సీసాలతో పాటు కూల్‌డ్రింకులు కూడా ఆపేసి, ప్రతి తలుపు దగ్గరా ఇరవై లీటర్ల క్యాను, హాస్టల్ మెస్ నుంచి తెచ్చిన స్టీలు గ్లాసులు పెట్టాం, మజ్జిగ కూడా ఆ గ్లాసుల్లోనే. ముందు మారాల్సింది మాత్రం వేదిక. వీసీ గారి ముందు సీసా కనిపిస్తే మూడో వరసలో కూర్చున్నాయన తనకూ కావాలంటాడు, అనడంలో తప్పేముంది? అతిథులకు మూతపెట్టిన గాజు గ్లాసులు పెట్టాక హాల్లో ఎవరూ సీసా అడగలేదు.

టీకి పేపర్ కప్పులు వాడితే పర్యావరణానికి మంచిదని చాలామంది అనుకుంటారు. వాటి లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ళు 2020లో పరీక్షించి, అలాంటి కప్పులో వేడి ద్రవం పదిహేను నిమిషాలు ఉంటే 100 మిల్లీలీటర్లలోకి దాదాపు 25,000 మైక్రోప్లాస్టిక్ రేణువులు, అంటే కంటికి కనపడనంత చిన్న ప్లాస్టిక్ ముక్కలు, వస్తాయని తేల్చారు. పింగాణీ కప్పులు అద్దెకి దొరుకుతాయి, కడగడానికి ఇద్దరు మనుషులు కావాలి, వాళ్ళ కూలీ బడ్జెట్లో రాసుకోవాలి, అంతే.

అసలు బాధ భోజనాల దగ్గర. క్యాటరింగ్ వాళ్ళకి మనం చెప్పేది ప్లేట్ల లెక్క. పేరు నమోదు చేసుకున్నవాళ్ళందరికీ రెండు రోజులూ అన్ని పూటలూ అని చెప్పేస్తాం, తక్కువైతే పరువు పోతుందని పైన ఇంకొన్ని కలుపుతాం. రెండో రోజు మధ్యాహ్నం సంగతేమో అందరికీ తెలిసిందే, దూరం నుంచి వచ్చినవాళ్ళు సర్టిఫికెట్ తీసుకుని రైలుకి పరుగెత్తుతారు. ఆ పూట వండినదాంట్లో ఎంత మిగులుతుందో గిన్నెల మూతలు తీసి చూసినవాళ్ళకే తెలుసు. ఇప్పుడు రిజిస్ట్రేషన్ ఫారంలోనే ఏ పూట తింటారో అడుగుతున్నాం, ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో మళ్ళీ అడిగి ఆ రాత్రికి అసలు సంఖ్య చెబుతున్నాం. దీనికి క్యాటరింగ్ ఆయన ఒప్పుకోవాలంటే ఆ మాట ఒప్పందంలో మొదటి రోజే ఉండాలి, కూరగాయలు కొనేశాక తగ్గించమంటే ఆయన నష్టపోతాడు. ఇంకొకటి, ఐటమ్స్. పులిహోర, బిర్యానీ, రెండు వేపుళ్ళు, రెండు కూరలు, పప్పు, సాంబారు, రసం, రెండు స్వీట్లు వరసగా పెడితే మనిషి అన్నీ కొంచెం కొంచెం వేసుకుని సగం వదిలేస్తాడు. పప్పు, ఒక కూర, ఒక వేపుడు, రోటి పచ్చడి, చారు, పెరుగు, ఒక స్వీటు. ఇది బాగా వండితే ఎవరూ చిన్నబుచ్చుకోరు, నాకైతే ఇదే మర్యాదైన భోజనం. మిగిలింది మూడు గంటల్లోపు హాస్టల్‌కి పంపేస్తాం, తిన్న ప్లేట్లలో మిగిలింది నర్సరీ దగ్గర కంపోస్టు గుంతలోకి వెళ్తుంది.

ఫ్లెక్స్ గురించి క్లుప్తంగా చెప్తాను. తేదీ వేసిన ఫ్లెక్స్ మర్నాటి నుంచి ఎందుకూ పనికిరాదు. వేదిక వెనక గుడ్డ బ్యానర్ మీద యూనివర్సిటీ పేరు మాత్రం రాయించి, సదస్సు పేరు స్క్రీన్ మీద వేస్తే ఆ గుడ్డ ఏళ్ళ తరబడి వస్తుంది. రాయడానికి మా ఊళ్ళో చేతి రాత ఆర్టిస్టులు ఇంకా ఉన్నారు, ఫ్లెక్స్ వచ్చాక పని పోగొట్టుకున్నది వాళ్ళే. ఏసీ సంగతీ అంతే. 2020 జనవరి 1 నుంచి కొత్త రూమ్ ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గరే ఆన్ అవ్వాలని నిబంధన ఉంది, ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది. హాలు ఏసీ కూడా 24కి తగ్గకూడదని హాలు బుకింగ్ ఫారంలో రాసి ఉంటే ఆపరేటర్‌తో ఎవరూ గొడవపడరు.

భవనం సంగతి పట్టించుకోవద్దని కాదు. హైదరాబాద్‌లో హైటెక్ సిటీ దగ్గరున్న, పరిశ్రమల సంఘం సీఐఐ వాళ్ళ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ని 2004లో అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు. పర్యావరణానికి అనుకూలంగా కట్టిన భవనాలకి ఇచ్చే లీడ్ రేటింగుల్లో అన్నిటికన్నా పెద్దదైన ప్లాటినం, అమెరికా బయట వచ్చిన మొదటి భవనం అదే. మధ్యలో ఆరుబయటి ఆవరణ, గాలిని చల్లబరిచే బురుజులు, కప్పు మీద పచ్చిక, వాడిన నీళ్ళని మొక్కల వేళ్ళతోనే శుద్ధి చేసే ఏర్పాటు, ఇవన్నీ అక్కడ ఉన్నాయి. ఇంజనీరింగ్ పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళి చూపించాలి. కానీ మన యూనివర్సిటీల్లో చాలా హాళ్ళు ఎప్పుడో కట్టినవి, వాటిని పడగొట్టి మళ్ళీ కట్టలేం, వాడే పద్ధతి మార్చగలం.

ప్రయాణాల మాట ఎత్తితే మా వాళ్ళలోనే కొందరికి కోపం వస్తుంది, అయినా చెప్పాలి. 2019లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ (భూమి, అంతరిక్ష శాస్త్రవేత్తల సంఘం) సమావేశానికి దాదాపు 28,000 మంది వచ్చారు. వాళ్ళ ప్రయాణాల వల్ల సుమారు 80,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన వాయువులు వెలువడ్డాయని 2020లో నేచర్ పత్రికలో లెక్కగట్టారు. మనవి అంత పెద్దవి కావు, కానీ ఢిల్లీ నుంచి ఒక ప్రొఫెసర్ గారిని విమానంలో రప్పించి, నలభై నిమిషాలు మాట్లాడించి, సాయంత్రం విమానం ఎక్కించడం మనకి అలవాటే. ఆ ఉపన్యాసం ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. లేదా వచ్చినాయన్ని రెండు రోజులు ఉంచుకుని పీజీ పిల్లలకి క్లాసులు చెప్పించొచ్చు, రీసెర్చ్ స్కాలర్లతో కూర్చోబెట్టొచ్చు, నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. సికింద్రాబాద్, విశాఖల మధ్య 2023 జనవరి నుంచి వందేభారత్ తిరుగుతోంది, ఆ దారిలో వచ్చే అతిథికి విమానం టికెట్ ఎందుకివ్వాలో నాకు అర్థం కాదు.

ఇవన్నీ ప్రస్తుతం మా డిపార్ట్‌మెంట్ సదస్సుల్లోనే జరుగుతున్నాయి, కన్వీనర్ మారితే మళ్ళీ సీసాలే వస్తాయి. అందుకే వీటిని హాలు బుకింగ్ ఫారంలో షరతులుగా చేర్చాలనీ, పాటించకపోతే డిపాజిట్‌లో కోత పెట్టాలనీ రిజిస్ట్రార్ ఆఫీసుకి నోట్ పెట్టాం. బయటివాళ్ళ పెళ్ళిళ్ళకీ, కంపెనీ మీటింగులకీ కూడా అదే ఫారం వర్తించాలని అందులో రాశాం. అద్దె ఆదాయం తగ్గుతుందేమోనని ఫైనాన్స్ సెక్షన్ వాళ్ళు అడిగారు, కాబట్టి చుట్టుపక్కల హాళ్ళు ఎంత అద్దె తీసుకుంటున్నాయో కనుక్కుని ఆ వివరాలు ఫైలుకి జత చేస్తున్నాం.