ఐదు ఊళ్ల బస్సులు, ఒకే పేరు

2009 చలికాలంలో కెనడా వచ్చి మార్కమ్‌లో అద్దెకు దిగినప్పుడు నాకు కారు లేదు. రోజూ హైవే 7 మీద స్టాపులో నిలబడేవాణ్ణి. మూడు రోజులకే ఒక సంగతి కళ్లబడింది. వచ్చే బస్సులన్నిటి మీదా యార్క్ రీజియన్ ట్రాన్సిట్ అని ఒకటే పేరు. కానీ ఒక బండికి ఇంకో బండితో పోలిక లేదు. ఒకదానికి ఎత్తు మెట్లెక్కాలి, ఇంకోటి కాలిబాట నుంచి నేరుగా అడుగేస్తే చాలు. ఒకటి పెట్టెలా నలుపలకలుగా ఉంటే, ఇంకోదాని ముందు అద్దం వెనక్కి వాలి ఉంది.

చిన్నప్పుడు మా ఊళ్లో ఆర్టీసీ బస్సు వస్తుంటే దాని మీద రాసిన డిపో పేరు చూసి ఎక్కడి బండో చెప్పేవాళ్లం. ఇక్కడ అలాంటి రాత లేదు. బండి రూపం చూసే దాని పుట్టుక తెలుసుకోవాలి. ఆ కుతూహలమే నా చేతికి కెమెరా ఇచ్చింది.

కారణం తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. టొరంటోకి ఉత్తరాన ఉన్న ఈ ప్రాంతంలో ఒకప్పుడు ఏ ఊరి బస్సులు ఆ ఊరివే. మార్కమ్, రిచ్‌మండ్ హిల్, వాన్, అరోరా, న్యూమార్కెట్. 2001 జనవరి 1న ఈ ఐదింటినీ కలిపి ఒకే సంస్థ చేశారు. పేరు ఒక్క రోజులో మారుతుంది, బస్సు మారదు. ఒక్కో ఊరు తన బడ్జెట్‌ని బట్టి, తన వీధుల్ని బట్టి ఎప్పుడో కొనుక్కున్న బళ్లన్నీ అలాగే వచ్చి కలిశాయి. పన్నెండేళ్లో, పద్దెనిమిదేళ్లో తిరగాల్సిన బండిని పేరు మారిందని ఎవరు పారేస్తారు? వాటి పక్కనే కొత్త సంస్థ కొన్నవి చేరాయి. 2005 సెప్టెంబరులో వివా అని వేగంగా నడిచే సర్వీసు మొదలుపెట్టి, దానికోసం బెల్జియం నుంచి వాన్ హూల్ బస్సులు తెప్పించారు. ఇంత కలగలుపు ఒకే రోడ్డు మీద దొరకడం అరుదు.

నేను పెట్టుకున్న నియమం చిన్నది. ప్రతి రకం నుంచీ కనీసం ఒక మంచి ఫోటో ఉండాలి. మంచి ఫోటో అంటే ముందు భాగమూ, తలుపులున్న పక్కా రెండూ కనబడాలి, రూటు బోర్డు చదవగలగాలి, బండి నంబరు స్పష్టంగా ఉండాలి, చక్రాల దగ్గర చీకటి ముద్ద కట్టకూడదు. చదవడానికి సులువే. నాకు మొదటి శీతాకాలమంతా పట్టింది.

ఎండతోనే అసలు పేచీ. మన దగ్గర డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు బాగా పైనే ఉంటాడు. విజయవాడలో సుమారు 50 డిగ్రీల ఎత్తు. మార్కమ్‌లో అదే రోజు 23 డిగ్రీల లోపే. రోజంతా దక్షిణాన నేలకి దగ్గరగా జరుగుతూ పోతాడు. దీపస్తంభం నీడ, చెట్టు నీడ, ఒక్కోసారి నా నీడ కూడా బస్సు మీద అడ్డంగా పడేవి. నెల రోజులు చెడిపోయిన ఫోటోలు చూసుకున్నాక కాగితం మీద రోడ్లు గీసి లెక్క వేశాను. హైవే 7 తూర్పు పడమరలుగా పోతుంది. ఇక్కడ బళ్లు రోడ్డుకి కుడి పక్కన నడుస్తాయి, తలుపులూ కుడి పక్కనే. అంటే తూర్పుకి వెళ్లే బస్సు తలుపుల పక్క దక్షిణానికి ఉంటుంది. ఉదయం పూట దాని ముఖం మీదా ఎండే, పక్క మీదా ఎండే. పడమరకి వెళ్లే దాని తలుపుల పక్క ఎప్పుడూ నీడలోనే. యంగ్ స్ట్రీట్ ఉత్తర దక్షిణాలు కాబట్టి అక్కడ దక్షిణానికి దిగివచ్చే బస్సుని మధ్యాహ్నం దాటాక పట్టుకోవాలి. ఉత్తరానికి పోయే బండి ముఖానికి చలికాలంలో ఎండ తగలనే తగలదు.

ఈ ఒక్క లెక్క తెలిశాక నా శనివారాల తీరే మారిపోయింది. పొద్దున హైవే 7, భోజనం, తర్వాత యంగ్. ఇది చెప్పిన మనిషి లేడు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను. ఏ ఊళ్లో బస్సులు తీసేవాళ్లయినా ముందు రోడ్డు దిక్కు చూసుకోండి, కెమెరా సంగతి తర్వాత.

రెండో చిక్కు బోర్డు. కళ్లకి నిలకడగా వెలుగుతున్నట్టు కనబడే ఎల్‌ఈడీ అక్షరాలు నిజానికి క్షణానికి ఎన్నోసార్లు ఆరి వెలుగుతుంటాయి. సెకనులో వెయ్యో వంతు షట్టర్ పెడితే బస్సు కదలకుండా చక్కగా వస్తుంది, బోర్డు మీద మాత్రం సగం అక్షరాలు ఉండవు. 125వ వంతుకి దించితే బోర్డు నిండుగా వస్తుంది, బస్సు చెదురుతుంది. చివరికి నాకు కుదిరిన పద్ధతి, బస్సు స్టాపుకి దగ్గరపడి వేగం తగ్గినప్పుడు నిదానం షట్టర్‌తో వరసగా నాలుగైదు తీయడం. ఒకటి నిలుస్తుంది. అన్ని కంపెనీల బోర్డులూ ఒకేలా మిణకవు కాబట్టి కొత్త రకం బండి ఎదురైన ప్రతిసారీ మళ్లీ పరీక్షించుకోవాల్సి వచ్చేది.

టెర్మినళ్లలో సులువుగా పని అయిపోతుందని అనుకున్నాను. అన్ని బళ్లూ అక్కడికే వస్తాయి కదా. కానీ పైకప్పు నీడ, ఒకదాని వెనక ఒకటి అతుక్కుని నిలబడ్డ బళ్లు, మధ్యలో జనం. రిచ్‌మండ్ హిల్ సెంటర్‌లో రెండు పూటలు నిలబడ్డాక అర్థమైంది, లోపల కాదు, బయటికొచ్చే మలుపు దగ్గర ఉండాలి. లోపలికి వచ్చే బండి బోర్డు మధ్యలోనే మారిపోవచ్చు. బయల్దేరేటప్పుడు కొత్త రూటు నంబరు ఉంటుంది, ఎండలోకి వస్తుంది, మలుపు కాబట్టి నెమ్మదిగా తిరుగుతుంది.

అక్కడే ఒక డ్రైవరు పరిచయం అయ్యారు. శ్రీలంక నుంచి వచ్చిన తమిళాయన, మా నాన్న వయసు. రెండు వారాలు నన్ను చూసి మూడో వారం కిటికీ తెరిచి, "ఏం బాబూ, నా ఫోటోనా, బండి ఫోటోనా?" అని ఇంగ్లీషులో అడిగారు. బండిదేనండీ, మీరు వద్దంటే తీయను అన్నాను. "తీసుకో, ఫ్లాష్ మాత్రం వేయకు. ఎదురుగా మెరిస్తే రోడ్డు కనబడదు" అన్నారు. ఆ తర్వాత నేను ఫ్లాష్ జోలికే పోలేదు. ఎవరైనా డ్రైవరు చెయ్యి అడ్డం పెడితే కెమెరా దించేస్తాను. గ్యారేజీ గేటు దాటి ఒక్క అడుగూ వేయను. కాలిబాట మీద నిలబడి దొరికేదే నాకు చాలు.

రకాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఓరియన్ ఫైవ్. ఈ పక్కనే మిసిసాగాలో పుట్టిన కంపెనీ అది. చదునైన ముఖం, లోపలికి మెట్లు, గట్టి శబ్దం. విలీనానికి ముందు ఊళ్లు కొన్నవాటిలో మిగిలినవి అప్పటికి పల్చబడుతున్నాయి. విన్నిపెగ్‌లో తయారైన న్యూ ఫ్లయర్ డీ40ఎల్ఎఫ్ బళ్లు మెట్లు లేకుండా తక్కువ ఎత్తులో ఉండి వాటి స్థానం తీసుకున్నాయి. క్యూబెక్‌లోని సాంటుస్టాష్ నుంచి నోవా బస్ ఎల్ఎఫ్ఎస్‌లు వచ్చాయి. ఇళ్ల మధ్య చిన్న రూట్లకి ఎల్‌డొరాడో చిన్న బళ్లు. వీటన్నిటినీ తర్వాతైనా ఫోటో తీసుకోవచ్చు, కొన్నాళ్లు ఉంటాయి, ఓరియన్ ఫైవ్ ఉండదు అనుకున్నాను. చక్రాల కుర్చీ మనిషికీ, పిల్లల బండి తోసుకొచ్చే తల్లికీ ఆ మెట్లు ఎంత కష్టమో కళ్లారా చూశాను, అవి పోవడం న్యాయమే. అయినా ఆ ఊళ్లు తమ సొంత బస్సులు నడుపుకున్న రోజులకి అవే సాక్ష్యం. 2012లో ఓరియన్ బస్సుల తయారీ ఆపేస్తామని మాతృసంస్థ ప్రకటించినప్పుడు మిసిసాగా వైపు నుంచి వచ్చే నా సహోద్యోగులు చాలా సేపు దాని గురించే మాట్లాడుకున్నారు.

ఆ బండికోసం ఒక మార్చి ఉదయం రెండు గంటలు నిలబడ్డాను. వచ్చింది. ఎండ సరిగ్గా ఉంది, బోర్డు వచ్చింది. ఇంటికెళ్లి పెద్దగా చేసి చూస్తే, రోడ్డు మీద చల్లిన ఉప్పు ఎండి నంబరు పూర్తిగా కప్పేసింది. బాధగానే ఉంది. నా నియమం ప్రకారం అది లెక్కలోకి రాదు, అయినా చెరిపేయలేదు. మంచు కరిగి, వాన కడిగిన ఏప్రిల్‌లో ఇంకో ఓరియన్ దొరికింది, నంబరుతో సహా.

వివా బళ్లది వేరే కథ. ముదురు నీలం. వాటిలో పొడవైనవి 18 మీటర్లు, మధ్యలో మడత. దగ్గర నుంచి వెడల్పు లెన్స్‌తో తీస్తే ముక్కు ఉబ్బి తోక చిక్కిపోతుంది. వెనక్కి జరిగి, లెన్స్‌ని కాస్త జూమ్ చేసుకుని తీయాలి. 2013లో హైవే 7 నడిమధ్య ఎర్రటి ప్రత్యేక దారులూ, వంపు తిరిగిన గాజు కప్పుల స్టేషన్లూ వచ్చాక ఇంకా మార్పు. ప్లాట్‌ఫాం మీద నిలబడితే మరీ దగ్గరైపోతుంది. రోడ్డు అవతలి కాలిబాట నుంచి, సిగ్నల్ పడి మామూలు లైన్లు ఖాళీ అయిన కొన్ని క్షణాల్లో తీయాలి. ఎర్రటి దారి మీద నీలం బండి. నా దగ్గరున్న వాటిలో చూడటానికి అందమైనవి ఇవే.

ఫోటో తీసిన రాత్రే రకం, నంబరు, రూటు, చోటు, తేదీ రాసుకునేవాణ్ణి. మర్నాటికి వాయిదా వేసినవన్నీ కలగాపులగమయ్యాయి. పాత బళ్లకి మాత్రం ఇంకో గడి ఉంది, విలీనానికి ముందు ఏ ఊరిది అని. అది నింపగలిగినవి తక్కువే. నింపిన ప్రతిసారీ మా ఊరి స్టాపులో డిపో పేరు చదివినట్టే ఉండేది.

2020 ప్రాంతంలో న్యూమార్కెట్ వైపు కరెంటు బస్సులు తిరగడం మొదలైంది. న్యూ ఫ్లయర్‌వే. మొదటిరోజు వెళ్లి నిలబడ్డాను. ఇన్నేళ్లుగా ఇంజను చప్పుడు వినబడ్డాకే కెమెరా ఎత్తడం అలవాటు. చప్పుడు రాలేదు. తలెత్తేసరికి బస్సు నా ముందు నుంచి దాటిపోయింది. రెండోదానికోసం నలభై నిమిషాలు, చెవులు వదిలేసి మలుపు మీదే చూపు పెట్టి నిలబడ్డాను.