కీమో నెలల్లో నన్ను నిలబెట్టిన నిత్యజీవం

బయాప్సీలో రొమ్ము క్యాన్సర్ అని తేలాక ముందు ఆపరేషన్, తర్వాత కీమో అన్నారు గుంటూరులో డాక్టరు గారు. ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మత్తు వదిలేసరికి అయిపోయింది. అసలు శ్రమంతా కీమోదే.

మొదటి విడతల్లో ఎర్ర మందు ఇచ్చారు. సెలైన్ ఎక్కుతుండగానే సిస్టర్ పక్కన కూర్చుని పెద్ద సిరంజితో మెల్లగా చేత్తోనే ఎక్కించేది. నరంలోంచి బయటికి కారితే కండ దెబ్బతింటుందని, "మంటగా ఉందా అమ్మా?" అని మాటిమాటికీ అడిగేది. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, కంగారు పడొద్దు. మూడు వారాలకో విడత. ప్రతి విడతకీ ముందు రక్తపరీక్ష, తెల్లకణాలు తగ్గితే వాయిదా. మందు కన్నా ఆ రిపోర్టుకే నాకు ఎక్కువ టెన్షన్. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే మాత్రం అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, "విశ్వాసం ఉంటే మందులెందుకు?" అని ఒకరు నా మొహం మీదే అన్నారు. ఇంకొకరు ఒప్పుకోని పాపమేదైనా ఉందేమో చూసుకోమన్నారు. ఆ రాత్రి నాకు నిద్రలేదు. బైబిల్లో, కష్టాలపాలైన యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ అతని పక్కన నేలమీద మాట్లాడకుండా కూర్చున్నారు. నోరు విప్పాకే గాయపరిచారు. అపొస్తలుడైన పౌలు తన ఒంట్లో ముల్లులా బాధిస్తున్నదాన్ని తీసేయమని ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, నా కృప నీకు చాలునన్న జవాబు వచ్చింది. పౌలుకు విశ్వాసం తక్కువని ఎవరంటారు?

మా చర్చి పాస్టరు అయ్యగారి భార్య, మేం అమ్మగారు అంటాం, అలాంటివేమీ అనలేదు. నా నోటిపూత చూసి పెరుగన్నం మెత్తగా పిసికి తెచ్చేవారు. యోహాను 11వ అధ్యాయం చదివి వెళ్లేవారు. కాసేపట్లో చనిపోయిన లాజరును బతికించి లేపబోతూ కూడా యేసు ప్రభువు కన్నీళ్లు విడిచారు. పునరుత్థానాన్ని నమ్మినవాళ్లు ఏడవకూడదని ఆయన ఎక్కడా అనలేదు. నేనూ ఏడ్చాను, అమ్మగారి ఒళ్లో తలపెట్టి.

తండ్రిని, ఆయన పంపిన క్రీస్తును ఎరగడమే నిత్యజీవమని యోహాను 17:3లో ఉంది. అయితే అది సమాధి అవతల మొదలయ్యేది మాత్రమే ఎలా అవుతుంది? చేతికి సూదితో కుర్చీలో ఉన్నప్పుడూ అది నాదే. రిపోర్టు బాగున్నా బాగోకపోయినా నాదే. భయం పూర్తిగా పోయిందని చెప్పను, స్కాన్ ముందురోజు ఇప్పటికీ అన్నం సహించదు. పిల్లల పెళ్లిళ్లు చూడనివ్వమని అడుగుతూనే ఉన్నాను. చూడకుండా వెళ్లాల్సి వస్తే ఎవరి దగ్గరికి వెళ్తానో నాకు తెలుసు, ఆయన నాకు కొత్త కాదు.

ఇప్పుడు చెకప్‌కి వెళ్లినప్పుడల్లా కీమో వార్డులో కాసేపు కూర్చుంటాను. అడిగినవాళ్లతో కలిసి ప్రార్థన చేస్తాను. మిగతావాళ్లకి, సిస్టర్‌ని అడిగి మందు ఎక్కేటప్పుడు నోట్లో ఐసుముక్క పెట్టుకోమని, నాకు దాంతో నోటిపూత తగ్గిందని చెబుతాను.