ముఖాలు మారినా మారని పల్లవి

డిసెంబరు దగ్గర పడుతుండగా జపాన్‌లో ఏదో ఒక ఇంట్లో టీవీ మోగుతూ ఉందనుకోండి. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న మనిషి తెర వైపు చూడకపోయినా, ఒక ఆడగొంతు అందుకున్న మొదటి పాదం చెవిన పడగానే, క్రిస్మస్ వచ్చేసిందని గ్రహిస్తుంది. అది చర్చిలో పాడే పాట కాదు. కెంటకీ ఫ్రైడ్ చికెన్ ప్రకటన కోసం తకెవుచి మారియా రాసి, బాణీ కట్టి, పాడిన ‘సుతెకి నా హోలిడే’. క్రిస్మస్ ఈ ఏడాది కూడా వస్తోంది అనే చిన్న మాటతో మొదలయ్యే ఆ పాట 2001లో ఆమె ‘బోనపెటీ!’ ఆల్బమ్‌లో చేరింది. ఆ తర్వాత కూడా ఏటా శీతాకాలంలో టీవీలో వినిపిస్తూనే ఉంది.

భాష నేర్చుకోవడానికని జపాన్ టీవీ ప్రకటనలు చూడడం మొదలుపెట్టిన నేను, కొన్నాళ్లకు మాటలు వదిలేసి పాటలే వినసాగాను. ముఖ్యంగా ఫాస్ట్‌ఫుడ్ ప్రకటనలు. వీటిలో పేరున్న తారలు కనిపిస్తారు, పేరున్న గాయకుల గొంతులు వినిపిస్తాయి, చూసేవాళ్లు సహజంగా తారల గురించే మాట్లాడుకుంటారు. ఇన్నేళ్లు చూశాక నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, ఆ ప్రకటనల్లో తార అద్దెకు వచ్చిన అతిథి, పాట ఆ ఇంటి మనిషి.

ముందుగా నిడివి సంగతి చెప్పాలి. జపాన్ టీవీలో ఎక్కువ ప్రకటనలు 15 సెకన్లవే. అక్కడి వాళ్లు వీటిని ‘కమర్షియల్ మెసేజ్’ అనే ఇంగ్లీషు మాటలను కుదించి ‘సీఎం’ అంటారు. ఆ 15 సెకన్లలో కొత్త వంటకం పేరు చెప్పాలి, ధర చూపాలి, కొద్ది రోజులే దొరుకుతుందని హెచ్చరించాలి, ఎవరో ఒకరు దాన్ని నోరారా కొరకాలి, చివర్లో సంస్థ గుర్తుగా రెండు మూడు స్వరాలు మోగాలి. ఇలాంటి ప్రకటనను ఒక్కో సెకను దగ్గర ఆపి చూస్తే, పనితనం ఎంత సూక్ష్మమో తెలుస్తుంది. పెనం మీద మాంసం చిటపటలాడుతుంది, ఆవిరి పైకి లేస్తుంది, కరిగిన చీజ్ అంచున జారుతుంది, నటుడు కొరికే క్షణంలో చాలాసార్లు సంగీతం కాస్త తగ్గి ఆ కరకర శబ్దానికి చోటిస్తుంది, అతను కళ్లు మూసుకుని నమలగానే పాట మళ్లీ పైకి వస్తుంది. నోరూరించే ఈ గుణాన్ని అక్కడి ప్రకటనల వాళ్లు ‘షిజురు’ అంటారు. నూనె చిటపటను పలికే ఇంగ్లీషు మాట ‘సిజిల్’ జపాన్ నోట అలా మారింది. ఇవన్నీ పోగా పాటకు మిగిలేది ఏడెనిమిది సెకన్లు, కాబట్టి పల్లవి నేరుగా మొదలైపోవాలి.

ఈ విద్య జపాన్‌కు కొత్త కాదు. 1951లో వాణిజ్య రేడియో మొదలైన ఏడాదే మికి తోరిరో అనే సంగీతకర్త ఒక ఫొటో సామగ్రి సంస్థ కోసం కట్టిన పాటను అక్కడ తొలి ప్రకటన గీతంగా చెప్పుకుంటారు. తర్వాతి దశాబ్దాల్లో ప్రకటన, పాట ఒకదాన్నొకటి మోసుకుపోయే ఏర్పాటు స్థిరపడింది. దానికి ‘టైఅప్’ అని పేరు. గాయకుడి కొత్త పాట ప్రకటనలో వినిపిస్తుంది, ప్రకటన నచ్చినవాడు ఆ పాటను వెతుక్కుంటాడు.

కెంటకీ కథ దగ్గరకు మళ్లీ రావాలి, ఎందుకంటే నా వాదనకు అసలు ఆధారం అదే. ఆ సంస్థ జపాన్‌లో 1970లో అడుగుపెట్టింది, క్రిస్మస్‌కు కెంటకీ తినమని దేశవ్యాప్తంగా ప్రచారం మొదలుపెట్టింది 1974లో. జనాభాలో క్రైస్తవులు సుమారు ఒక్క శాతం ఉన్న దేశమది, డిసెంబరు 25 అక్కడ సెలవు దినం కూడా కాదు. ఆ పండగ పూట ఇంట్లో ఏం తినాలో పెద్దలు చెప్పిన ఆచారం లేదు కనుక, ఆ ఖాళీలో వేయించిన కోడి కూర్చుంది. మొదట్లో ఆ ప్రకటనల్లో స్టీఫెన్ ఫాస్టర్ 19వ శతాబ్దంలో అమెరికాలోని కెంటకీ రాష్ట్రం మీద కట్టిన పాట బాణీ వినిపించేది. వినడానికి ఎంతో ఇంపైన బాణీ, అయితే అది దూరదేశపు ఊరి మీద బెంగ. తకెవుచి పాట వచ్చాక ఆ బెంగ స్థానంలో సొంత ఇంటి సందడి వచ్చింది. బల్ల చుట్టూ చేరిన పిల్లలు, బయట చలి, మధ్యలో ‘పార్టీ బ్యారెల్’ అనే కోడి ముక్కల డబ్బా. ఆ ప్రకటనల్లో ఒకప్పుడు అయాసె హరుకా, తర్వాత తకహత మిత్సుకి కనిపించారు. ఇద్దరూ పేరున్న నటీమణులే, తకహత అయితే రంగస్థలం మీద పాటలతో పెరిగిన మనిషి కూడా. అయినా కొంతకాలానికి ఏ ఏడాది ఎవరు నటించారో గుర్తుండదు, పాట మాత్రం గుర్తుంటుంది. విదేశీ శ్రోతలు తకెవుచిని 1984 నాటి ‘ప్లాస్టిక్ లవ్’ పాటతో గుర్తుపడతారు. జపాన్‌లో పసిపిల్లలకు సైతం ఆమె గొంతు తెలుసంటే అది ఈ కోడి పాట పుణ్యం. ఆమె భర్త యమషిత తత్సురో పాడిన ‘క్రిస్మస్ ఈవ్’ కూడా ఒక రైల్వే సంస్థ ప్రకటనల్లో వినిపించాకే, విడుదలైన ఆరేళ్లకు, 1989లో అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఒకే ఇంటి ఇద్దరు మనుషులు ఒక దేశపు డిసెంబరుకు రెండు పాటలిచ్చారన్న సంగతి నన్ను ఇప్పటికీ ముచ్చటపరుస్తుంది.

తారల విలువ నేను తక్కువ చేయడం లేదు. సకాయ్ మసాతో 2013లో ‘హన్‌జావా నావొకి’ ధారావాహికలో బ్యాంకు ఉద్యోగిగా నటించినప్పుడు, దాని చివరి భాగానికి తోక్యో పరిసరాల్లో 42.2 శాతం రేటింగ్ వచ్చింది. అటువంటి మనిషిని మెక్‌డొనాల్డ్స్ తన సమురాయ్ మ్యాక్ బర్గర్ ప్రకటనలోకి తెచ్చుకుంటే, ఆఫీసులో నలిగిపోయే నడివయసు ఉద్యోగి ఇది పిల్లల తిండి కాదు, తన కోసమే చేసిందని ఒక్క చూపులో అర్థం చేసుకుంటాడు. స్మాప్ అనే పాప్ బృందంతో 1991లో వెలుగులోకి వచ్చిన కిమురా తకుయా ఇటీవలి ఏళ్లలో అదే సంస్థ ప్రకటనల్లో కనిపిస్తున్నాడు. ఆయనతో పాటు వయసు పెరిగిన తరం మొత్తం ఆ ముఖం వెంట దుకాణానికి వస్తుంది. అయితే ఈ బంధం ఒప్పందానికి లోబడింది. గడువు తీరితే ఆ ముఖం వెళ్లిపోతుంది, గడువు లోపల పోటీ సంస్థ వైపు చూడకూడదనే షరతు ఉంటుంది, తార మీద ఏదైనా అపవాదు వస్తే ప్రకటన రాత్రికి రాత్రి మాయమవుతుంది.

పాట ఒప్పందాన్ని దాటిపోతుంది. గిన్నెడు అన్నం మీద గొడ్డు మాంసం వేసి అమ్మే యొషినొయ 1899లో తోక్యోలోని నిహొన్‌బాషిలో పుట్టింది. అది 80 ఏళ్లుగా ఆ ఒక్క వంటకాన్నే నమ్ముకున్న సంగతి చెప్పే ప్రకటన గీతాన్ని ‘కిన్నికుమాన్’ అనే మాంగా (బొమ్మల కథ) కథానాయకుడు ఎత్తుకుని, 80 ఏళ్లను 300 ఏళ్లు చేసి పాడుకున్నాడు. ఆ రూపంలోనే పాటను నేర్చుకున్న పిల్లలు ఎందరో. ‘మ్యాడ్ కౌ’ అనే పశువ్యాధి కారణంగా అమెరికా మాంసం దిగుమతి ఆగి, 2004 ఫిబ్రవరిలో ఆ సంస్థ తన ప్రధాన వంటకాన్నే ఆపేయవలసి వచ్చినప్పుడు, చివరి గిన్నెల కోసం జనం బారులు తీరారు. రెండున్నరేళ్ల తర్వాత అది తిరిగి వచ్చిన రోజూ అంతే. అంత ఆపేక్షకు రుచి, ధర కారణాలే, కానీ చిన్ననాడు పాడుకున్న ఆ పాటకు కూడా అందులో వాటా ఉందని నేను నమ్ముతాను.

శరదృతువులో వచ్చే త్సుకిమి బర్గర్ గురించి కూడా ఒక మాట. వెన్నెల చూసే పాత ఆచారాన్ని గుడ్డు పచ్చసొనలోకి దింపి, 1991 నుంచి మెక్‌డొనాల్డ్స్ దాన్ని ఏటా తెస్తోంది. ఆ ప్రకటనల్లో నెమ్మదైన పాట వినిపిస్తే సెప్టెంబరు వచ్చినట్టే.

ఇటీవల నన్ను బాగా ఆకట్టుకున్నవి రెండు. మొదటిది 2023లో అదే సంస్థ దుకాణాల్లో పనిచేసేవారి కోసం చేసిన ప్రచారంలో ‘అనో’ అనే గాయని పాడిన పాట. జపాన్ మెక్‌డొనాల్డ్స్ మెనూలో చిరునవ్వు ధర సున్నా యెన్ అని రాసి ఉండడం 1980ల నుంచి అందరికీ తెలిసిన విషయం. నవ్వు ఇవ్వను పొమ్మనే భావం ఆ పాట పేరులోనే ఉంది. ఉద్యోగానికి వచ్చేవాడు బలవంతంగా నవ్వనక్కరలేదు, తనలా ఉంటే చాలు అనే హామీని ఆమె ముభావపు గొంతు తప్ప మరే గొంతూ అంత నమ్మకంగా చెప్పలేదు. ఇక్కడ తార, పాట ఒకటే అయ్యాయి, నాకు తెలిసినంతలో ఇంత చక్కగా కుదరడం అరుదు.

రెండో దానికి గాయకుడే లేడు. బంగాళాదుంప ముక్కలు వేగిపోయాయని వంటవాడికి చెప్పడానికి యంత్రం చేసే ‘తిరోరి, తిరోరి’ శబ్దాన్ని ఆ సంస్థ ప్రకటనలకు సంగీతంగా మలిచింది. ఏ కవీ రాయని, ఏ తారా పాడని ఆ రెండు మూడు స్వరాలు కౌంటరు ముందు నిలబడిన ప్రతి ఒక్కరూ ముందే విని ఉన్నవి. ప్రకటనలో అవి తాళం అందుకుని పాటగా మారుతుంటే, ఇంట్లో కూర్చున్న మనిషికి వేడి నూనె వాసన తగిలినంత పని అవుతుంది.