కాళ్ల మీద నీలిగీతలు

గురువారం, రాత్రి పదిన్నర

మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ వెళ్లి పది రోజులు కావస్తోంది. షాపులో రద్దీ తగ్గితే గానీ సెలవు అడగడానికి నోరు రాలేదు. ఇవాళ ఒక పూట పర్మిషన్ తీసుకుని గంటస్తంభం దగ్గర ఆటో ఎక్కి డాక్టరు దగ్గరికి వెళ్లాను, కాళ్లు చూపించుకోవడానికి.

మోకాలి వెనక, చీలమండ లోపలి వైపు ఈ సన్నటి గీతలు వచ్చి నాలుగేళ్లు. చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు మొదలయ్యాయి. నీలం, ఎరుపు, ఊదా. తడి కాగితం మీద సిరా చుక్క పడితే ఎలా పాకుతుందో అలా, ఒకచోట మొదలై నాలుగు వైపులకీ పాకాయి. కుచ్చెళ్ల కింద ఎవరికి కనిపిస్తాయిలే అని ఊరుకున్నాను. దసరా ముందు పై అరలోంచి చీరలు తీయడానికి స్టూలెక్కితే, నాతో పనిచేసే పిల్ల కింద నుంచి చూసింది. "ఏటప్పా, కాలు అలాగుంది? నరాలు పాడైపోయాయేటి?" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పక్షవాతం దాకా వెళ్లిపోయింది ఆలోచన.

మనకి తిమ్మిరెక్కేదీ నరమే, సెలైన్ ఎక్కించేదీ నరమే. డాక్టరు గారు మొదట విప్పింది ఆ చిక్కునే. "ఇది ఆ నరం కాదమ్మా, రక్తనాళం. స్పైడర్ వెయిన్స్ అంటారు" అన్నారు. కాళ్లలోంచి రక్తం పైకి, గుండె వైపు ఎక్కాలి. దారిలో చిన్న చిన్న తలుపుల్లాంటి కవాటాలుంటాయి, కిందికి జారనివ్వవు. నడుస్తుంటే పిక్క కండ నొక్కి రక్తాన్ని పైకి తోస్తుంది. కదలకుండా నిలబడితే ఆ తోపు ఉండదు, బరువంతా కిందే పడుతుంది. చర్మం కింద ఒక మిల్లీమీటరు కూడా లేని నాళాలు వెడల్పై ఇలా బయటికి కనిపిస్తాయి. మూడు మిల్లీమీటర్లు దాటి తాడులా మెలికలు తిరిగితే అవి వెరికోస్. వంశంలో ఉన్నా, కాన్పులైనా రావచ్చట. "మీ అమ్మగారికి ఉన్నాయా?" అని అడిగారు. ఉన్నాయి. అమ్మ జూట్ మిల్లులో ఇరవై ఏళ్లు నిలబడింది. రాత్రి గుమ్మం దగ్గర కూర్చుని పిక్కలకి కొబ్బరినూనె రాసుకునేది. మేం అడిగితే "అలుపురా" అనేది, అంతే.

రక్తం ఎటు పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేశారు. నన్ను నిలబెట్టి, చల్లటి జెల్ రాసి, పిక్కని ఒకసారి గట్టిగా నొక్కి వదిలారు. మెషీన్లోంచి గాలి దూసుకుపోయినట్టు ఒక చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. వదిలాక మళ్లీ చప్పుడొచ్చి ఆగకపోతే రక్తం వెనక్కి జారుతున్నట్టట. నాకు లోపలి పెద్ద నాళాలు బాగానే ఉన్నాయి. ఆ మాట వినగానే కళ్లల్లో నీళ్లొచ్చేశాయి.

ఇవి ప్రాణానికి ముప్పు కాదు, అలాగే వదిలేసినా పర్లేదన్నారు. పోగొట్టుకోవాలంటే స్క్లెరోథెరపీ ఉంది. వెంట్రుకలాంటి సూదితో పోలిడోకెనాల్ లాంటి మందు లోపలికి ఎక్కిస్తారు. నాళం గోడలు అతుక్కుపోతాయి, మూడు నుంచి ఆరు వారాల్లో గీత మాసిపోతుంది. ఒక్క సిట్టింగ్‌తో అయిపోదు. గోధుమరంగు మచ్చలు కొన్ని నెలలు ఉండిపోవచ్చు. కడుపుతో ఉన్నవాళ్లకి చేయరు. లేజర్ కూడా ఉంది గానీ మనలాంటి ఛాయ ఉన్నవాళ్లకి మచ్చ పడే భయం ఎక్కువ, బాగా తెలిసినవాళ్ల చేతే చేయించుకోవాలన్నారు. పూత మందులతో ఇవి పోవని ఖచ్చితంగా చెప్పారు. అన్నీ చేయించుకున్నా, ఇలాగే నిలబడుతుంటే కొత్తవి వస్తాయట.

అప్పుడే అడిగారు, "రోజుకి ఎంతసేపు కూర్చుంటావమ్మా?" అని. అన్నం తినేటప్పుడు, అన్నాను. పదకొండు గంటల డ్యూటీలో ఇరవై నిమిషాలు. షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే హక్కు ఇస్తూ కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టం మార్చారు. ఒక కుర్చీ కోసం చట్టం దాకా వెళ్లాల్సి వచ్చిందంటే, ఎన్ని కాళ్లు నొప్పి పడి ఉంటాయో.

సూదులు ఇప్పుడొద్దనుకున్నాను. బదులుగా, కాళ్లని బిగువుగా పట్టి ఉంచే మేజోళ్ల కోసం చీలమండ, పిక్క కొలతలు తీసుకున్నారు. పొద్దున్నే, కాళ్లు వాపెక్కకముందే తొడుక్కోవాలి. సాయంత్రం షాపుకి వెళ్లి ఓనరు గారిని అడిగాను, బేరం లేనప్పుడు మా ఐదుగురం ఆ స్టూలు మీద వంతులవారీగా కూర్చుంటామని. "చూద్దాంలే" అన్నారు. రేపు మళ్లీ అడుగుతాను.

ఇప్పుడు కాళ్లు రెండు దిండ్ల మీద పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఇందాక అమ్మకి ఫోన్ చేశాను. చీలమండ దగ్గర చర్మం నల్లబడినా, పుండు పడినా ఆలస్యం చేయొద్దన్నారు కదా డాక్టరు గారు, లైటు వేసుకుని ఒకసారి చూసుకోమన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నలుపు ఎప్పట్నుంచో ఉందమ్మా, ఎడమ కాలికి" అంది.

సోమవారం అమ్మకి టోకెను తీసుకోవాలి.