మసక నీటికి పనికివచ్చే చిన్న టార్చి

డైవింగ్ టార్చి కొనేవాళ్ళు మొదట అడిగేది ల్యూమెన్ల గురించే, అంటే వెలుతురు ఎంతో చెప్పే కొలత గురించే. బరంపురంలో నా బ్యాటరీల దుకాణానికి వచ్చే కుర్రాళ్ళదీ ఇదే ప్రశ్న. "అన్నా, ఇది వెయ్యి ల్యూమెన్లదా, రెండు వేలదా?" మన తీరానికి ఆ ప్రశ్న చాలదని నా గట్టి నమ్మకం. అండమాన్ వంటి తేట నీళ్ళలో ఎంత వెలుతురున్నా మంచిదే. గంజాం నుంచి శ్రీకాకుళం దాకా మన సముద్రంలో ఋషికుల్య, బాహుదా, మహేంద్రతనయ, వంశధార తెచ్చి కలిపే ఒండ్రు తేలుతూ ఉంటుంది. ఇక్కడ వెలుతురు ఎంత ఉందన్నదానికన్నా ఎంత సన్నగా, ఎంత సూటిగా వెళ్తుందన్నదే ముఖ్యం.

నేను పరీక్షించినది అరచేతిలో ఇమిడే అల్యూమినియం టార్చి. లోపల ఒకే ఒక్క 18650 సెల్లు. పెట్టె మీద 1000 ల్యూమెన్లు, 8 డిగ్రీల కిరణం, 100 మీటర్ల లోతు, మూడు గంటల వెలుగు అని రాసి ఉంది. ఇదే టార్చిని రకరకాల పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి పేరు జోలికి వెళ్ళను. లోపల ఏముందో చూద్దాం.

ముందు సెల్లు, ఎందుకంటే నా వృత్తి అదే. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది కనుక దానికి ఆ అంకె వచ్చింది. ఈ సైజులో మంచి సెల్లు సామర్థ్యం 3500 మిల్లీ యాంపియర్ గంటల చుట్టూ ఆగుతుంది. 9900 అని అచ్చువేసిన సెల్లు ఎవరైనా చేతిలో పెడితే తిరిగి ఇచ్చేయండి, నీటి అడుగుకు మాత్రం తీసుకువెళ్ళకండి. ఈ టార్చితో వచ్చిన సెల్లు మీద 3400 అని ఉంది. దుకాణంలోని యంత్రం మీద పెడితే 3100 చూపించింది. దాన్ని 3.6 వోల్టులతో గుణిస్తే సుమారు 11 వాట్ గంటలు. మంచి ఎల్‌ఈడీ వాట్‌కు వంద ల్యూమెన్లు ఇస్తుందనుకుందాం. వెయ్యి ల్యూమెన్లకు పది వాట్లు కావాలి. అంటే నిండు వెలుగు గంటకు పెద్దగా మించి రాదు. మరి మూడు గంటలు ఎక్కడివి? టార్చిలను కొలిచే ఎఫ్‌ఎల్1 అనే అమెరికా ప్రమాణం ప్రకారం, వెలుగు మొదటి దానిలో పదో వంతుకు పడిపోయేదాకా గడిచిన సమయమంతా వెలిగినట్టే లెక్క. పెట్టె మీది మాట అబద్ధం కాదు గానీ, నీళ్ళలో ఉన్న మనిషికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

అందుకే దీన్ని నీళ్ళ బకెట్‌లో ముంచి వెలిగించి, గోడ మీద పడే వెలుగును కొలుస్తూ కూర్చున్నాను. బయట గాలిలో ఇలా చేయకూడదు. డైవింగ్ టార్చి తన వేడిని నీటికి వదలాలన్న ఉద్దేశంతోనే తయారవుతుంది. బయట కాసేపటికే ఒళ్ళు కాలి వెలుగు తనంతట తానే తగ్గిపోతుంది, లోపలి భాగాలకూ మంచిది కాదు. నలభై నిమిషాలు దాటాక వెలుగు తగ్గడం మొదలైంది. సిలిండరు మీద ఒక మునకకు దాదాపు అంతే సమయం పడుతుంది కనుక ఫరవాలేదు. వెంటనే రెండో మునక వేయాలంటే మాత్రం నిండుగా ఛార్జి చేసిన మరో సెల్లు ఉండాలి.

అసలు పరీక్ష బారువలో జరిగింది. బరంపురంలో రైలెక్కి సోంపేటలో దిగి వెళ్ళాను. అక్కడ ఒడ్డుకు దగ్గరలోనే మునిగి ఉన్న పాత ఓడ శిథిలం మీదికి శిక్షకుడితో కలిసి దిగాను. లోతు పెద్దగా లేకపోయినా నీరు మసక. తోటి మిత్రుడి దగ్గర వీడియోలకు వాడే వెడల్పు కిరణం లైటు ఉంది, ల్యూమెన్లలో దీనికి రెట్టింపు. అతను దాన్ని వేయగానే పొగమంచులో లారీ పెద్ద లైట్లు వేసినట్టు ఎదురుగా తెల్లటి గోడ లేచింది. తేలుతున్న ప్రతి రేణువూ ఆ వెలుగును అతని కళ్ళలోకే తిప్పికొట్టింది. నా చిన్న టార్చి ఆ మసకను చీల్చుకుని ఇనుప రేకు దాకా చేరింది. ఎనిమిది డిగ్రీలంటే మీటరు దూరంలో పద్నాలుగు సెంటీమీటర్ల వృత్తం. బల్లపరుపు అద్దం దాటి నీటిలోకి వెళ్ళేటప్పుడు కాంతి వంగుతుంది కనుక కిరణం ఇంకా సన్నబడుతుంది. టార్చిని కళ్ళకు దూరంగా, చేయి పక్కకు చాపి పట్టుకుంటే మరీ మేలు.

ఆ వృత్తంలో కనిపించినదాన్ని చెప్పకుండా ఉండలేను. నీరు మొదట మింగేది ఎరుపునే. కొన్ని మీటర్లు దిగేసరికే అంతా బూడిద నీలం. ఆ బూడిద రేకు మీద టార్చి పడగానే తుప్పు ఎర్రగా, దాన్ని పట్టుకుని పెరిగిన స్పాంజి మంటలా ఎర్రగా మెరిసింది. పక్క సందులోంచి ఒక పీత కాళ్ళు ముడుచుకుని చూస్తోంది. పగటిపూట కూడా టార్చి ఎందుకని అడిగేవాళ్ళకు నా జవాబు ఇదే. సన్న కిరణంతో ఇంకో లాభం ఏమిటంటే, తోటివాడి ముందున్న ఇనుము మీద గుండ్రంగా తిప్పితే నేను బాగున్నానని అతనికి వెంటనే అర్థమవుతుంది. పక్కలకు గబగబా ఊపితే ఆపదని అర్థం.

దీని స్విచ్చి అయస్కాంతంతో పనిచేస్తుంది. అంటే ఒంటికి రంధ్రం ఉండదు, ఉప్పునీరు లోపలికి రావడానికి ఒక దారి తగ్గుతుంది. తలను మెలితిప్పి వెలిగించే రకం కన్నా నాకు ఇదే ఇష్టం, ఎందుకంటే అందులో లోతున ఒత్తిడి మీద ఉన్నప్పుడు, నీరు చొరకుండా అడ్డుకునే రబ్బరు వలయాన్నే, అంటే ఓ-రింగునే కదిలించాలి. అయితే చేతికున్న దిక్సూచి దగ్గరికి తెస్తే సూది పక్కకు పోతుంది, టార్చిని రెండో చేత్తో పట్టుకోండి. ఓ-రింగులు రెండున్నాయి, బాగున్నాయి. మణికట్టు తాడు మాత్రం నాసిరకం. మా బాబాయి గోపాల్‌పూర్‌లో పడవ మీద వేటకు వెళ్తాడు. దాన్ని ఒకసారి లాగి చూసి, "ఒరే, ఇది వల దారం పాటి కూడా లేదు" అని తీసేసి, నైలాను తాడు ముడివేసి ఇచ్చాడు.

ఋషికుల్య ముఖద్వారం వైపు వెళ్ళేవాళ్ళకు ఒక మనవి. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి అక్కడికి వేలల్లో వస్తాయి. తెల్లటి వెలుగు వాటికీ, పుట్టిన పిల్లలకూ దారి తప్పిస్తుంది. రాత్రి ఆ ఇసుక మీద ఇలాంటి టార్చి వేయకండి, సరదాకి కూడా వద్దు.

నా తీర్పు: మన నీళ్ళకు ఇది కొనదగ్గదే, సెల్లు, తాడు మార్చుకుంటే. మంచి రకం 3500 సెల్లు వేసి మళ్ళీ బకెట్‌లో పెడితే యాభై నిమిషాల దాకా వెలుగు నిలిచింది. రక్షణ సర్క్యూటు ఉన్న సెల్లు కొంచెం పొడవుగా ఉంటుంది, కొనేముందు పడుతుందో లేదో చూసుకోండి. బరంపురం చుట్టుపక్కల వాళ్ళు మీ టార్చి సెల్లు తెస్తే దుకాణంలోనే కొలిచి చెబుతాను.